పేజీలో పై గీత

నలభై మూడో పెన్ను కూడా కొత్తమ్మాయి సంచీలో పడింది.

ఏ సంస్థకి వెళ్ళినా ఒక పెన్ను ఇస్తున్నారు. దాని మీద సంస్థ పేరు, పక్కన పావురమో, పువ్వో, కలుపుకున్న రెండు చేతులో. ఈసారి పావురం. పెళ్ళయి రెండు నెలలు, సర్వే ఆఫీసులో చేరి నెలన్నర. ఇంట్లోనూ ఆఫీసులోనూ ఆమెను అందరూ కొత్తమ్మాయి అనే పిలుస్తారు. ఆ పిలుపు ఇంకా పాతబడలేదు. కుషన్ కుర్చీలో కూర్చుని, చల్లటి గాలికి చెంపలు అప్పగించి, ఫారం చివరి పేజీ తిప్పింది.

"ఇంక రెండే ప్రశ్నలండీ. మీ సమావేశాలు ఎక్కడ జరుగుతాయి?"

కార్యదర్శి కూర్చున్నచోటి నుంచే చెయ్యి గాల్లో గుండ్రంగా తిప్పాడు. "ఇక్కడే. సొంత బిల్డింగు. కింద హాలు, పైన మూడు గదులు."

"నగర కార్యాలయం వాళ్ళు సంఘాలకి ఉచితంగా ఇచ్చే పాత భవనం గదులు వాడుకుంటారా?"

"ఆ పాత భవనమా? అది ఇంకా నిలబడే ఉందా?" అని నవ్వాడాయన.

ఆమె 'లేదు' దగ్గర టిక్కు పెట్టింది. నలభై మూడు ఫారాల్లో నలభై మూడో 'లేదు' అది. మొత్తం నాలుగువందల ముప్పై స్వచ్ఛంద సంస్థలు, పదికొకటి చొప్పున నలభై మూడు. పని పూర్తయింది. మెట్లు రెండేసి దిగింది.

ఐదున్నరకి కళ్ళద్దాల వర్క్‌షాపు దగ్గర మొగుడు ఎదురుచూస్తుంటాడు. అతను అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. ఇద్దరూ ఒకే బస్సెక్కి, ఒకే సీట్లో కూర్చుని, ఒకే టిఫిన్ డబ్బాలో మిగిలినది తింటూ ఇంటికి వెళ్ళడం ఆమె దినచర్యలో అన్నిటికన్నా బాగున్న భాగం. వర్క్‌షాపుకి దగ్గర దారి పాత భవనం వసారాలోంచే.

ఆరో నంబరు గది తలుపు మీద కొత్తగా నోటీసు అంటించి ఉంది. గదులకు వాడకం లేనందున వాటిని వెనక్కి తీసుకోవాలన్న ప్రతిపాదన, సంస్థల సర్వే నివేదికతో పాటు సోమవారం కమిటీ ముందుకు వస్తుందని అందులో ఉంది. ఆమె రెండుసార్లు చదివింది. సంస్థల సర్వే అంటే తన సంచీలో ఉన్నదే.

లోపల బల్ల మీద ఒక చక్రాల కుర్చీ తలకిందులుగా ఉంది. డెబ్భై ఏళ్ళ ముసలాయన, ఒకప్పుడు బస్సుల ఫిట్టరు, ముందు చక్రం ఇరుసులోంచి అల్లికసూదితో ఏదో లాగుతున్నాడు. సన్నగా, నల్లగా, మూరెడు పొడుగు వచ్చింది.

"జుట్టు," అన్నాడు తల ఎత్తకుండానే. "నడిచేవాళ్ళు రాలుస్తారు, కూర్చున్నవాళ్ళ చక్రంలో చిక్కుకుంటుంది. సర్వే అమ్మాయివి నువ్వేనా? మా వంతెప్పుడు తల్లీ?"

"మీ నంబరెంత తాతగారూ?"

ఆయన సూదితో గోడవైపు చూపించాడు. అట్టకి అంటించిన రిజిస్ట్రేషన్ కాగితం. రెండువందల అరవై ఎనిమిది.

"మీది శాంపిల్లో రాలేదండీ. అందర్నీ అడగలేం కదా. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు, అలాగన్నమాట."

ఫిట్టరు తాత చక్రాన్ని వేలితో తిప్పి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఇంకా గరగరమంటోంది. మళ్ళీ సూది పెట్టాడు.

"గిన్నె కలిపి పట్టుకుంటే ఒక్క మెతుకు చాలు. పైపైన తీసి చూస్తే అడుగు మాడిన సంగతి ఎలా తెలుస్తుందమ్మా?"

ఆమె కాసేపు స్టూలు మీద కూర్చుంది. కారుతున్న నూనెచుక్కని గుడ్డతో తుడిచింది. వాచ్‌మన్ అటుగా వెళ్తూ లోపలికి తొంగిచూశాడు. వారానికి రెండు సాయంత్రాలే ఈ గది తమదని, మిగతా రోజుల్లో ఇందులోనే ఇంకో నాలుగు సంఘాలు కూర్చుంటాయని తాత చెప్పాడు. ఆ నాలుగింట్లో ఒక్కదాని పేరూ ఆమె ఫారాల్లో లేదు.

ఆ సాయంత్రం బస్సులో ఆమె టిఫిన్ డబ్బా మూత తియ్యలేదు.

గురువారం పొద్దున్నే సంస్థల రిజిస్టరు తీయించింది. అట్ట అరచేతికి బరువుగా తగిలేంత మందం. పేజీకి పది గీతలు, ప్రతి గీతకీ ముందే అచ్చేసిన నంబరు, నలభై మూడు పేజీలు. శాంపిల్ తీసినప్పుడు సూపరింటెండెంటు పెట్టిన పెన్సిల్ టిక్కులు అలాగే ఉన్నాయి. ప్రతి పేజీలోనూ పై గీత మీదే. ఒకటి, పదకొండు, ఇరవై ఒకటి. ఆమె పేజీలు తిప్పుతూ పోయింది. సొంత భవనాలు, గెస్ట్ రూములు, పెన్నులు అన్నీ పై గీతల్లో ఉన్నాయి. కింది తొమ్మిది గీతల్లో ఒక్క పావురం కూడా లేదు.

ఆ తరవాత తేదీలు చూసింది. రెండో గీత నుంచి పదో గీత దాకా తేదీలు వరసగా ఉన్నాయి. పై గీత తేదీ మాత్రం పదో గీత తేదీకన్నా తరవాతది. ఇంకో పేజీ. అక్కడా అంతే. ఒక పేజీలో ఏడాది తేడా. అంటే ఎవరో ప్రతి పేజీకీ పై గీత ఖాళీగా ఉంచి, తరవాత ఎప్పుడో నింపారు.

చేతిరాత ముత్యాలే. 'ళ' తోక చేతికర్రలా వంగి ఉంది. ఆ తోకని ఎక్కడో చూశానే అనుకుంది. రోజూ పొద్దున్నే ఉప్పు కోసం చెయ్యి చాపితే పక్కనే అత్తగారు పేరు రాసి అంటించిన తాళింపు డబ్బా మీద కనిపిస్తుంది.

సూపరింటెండెంటుని ఆఫీసులో సగటాయన అంటారు. ఎవరైనా సెలవడిగితే "సగటున నెలకి ఒకటిన్నర అవుతోంది మీకు" అంటాడు. ఆమె రిజిస్టరు తెచ్చి ఎదురుగా పెడితే జేబులోంచి స్కేలు తీసి పేజీ మీద ఉంచాడు.

"సార్, మొదటి నంబరు ఒకటే ఎందుకు తీసుకున్నారు?"

"లెక్క ఎవరైనా రెండు నుంచి మొదలెడతారా?"

"ఒకటి నుంచి పది దాకా చీటీలేసి ఒకటి తియ్యాలి కదా సార్. అక్కణ్ణించి పదేసి కలుపుకుంటూ పోవాలి."

"ఏదైతేనేం. ఏ కొమ్మన కోసినా ఆ చెట్టు కాయే."

"ఈ చెట్టుకి పై కొమ్మ వేరుగా ఉంది సార్," అని తేదీలు చూపించింది.

ఆయన స్కేలు జరుపుకుంటూ ఐదు పేజీలు చూశాడు. ఆరో పేజీ తిప్పబోయి ఆగాడు.

"నిన్న సాయంత్రం ఆరో నంబరు గదిలో కూర్చున్నారట. వాచ్‌మన్ చెప్పాడు."

"అవును సార్."

"ఒక ముసలాయన మీద జాలిపడి శాంపిల్ తప్పంటే నేను నివేదిక చించుకోవాలా? టైపు కూడా అయిపోయింది. శనివారం ఒంటిగంటకి కమిటీకి పంపాలి. కింద నా సంతకం పక్కన మీ సంతకం ఉండాలి, తిరిగి అడిగింది మీరు కనక." స్కేలు జేబులో పెట్టుకున్నాడు. "ఈలోగా నన్ను ఒప్పించే అంకె తెస్తే చూస్తాను. అనుమానం తెస్తే చూడను."

ఆమె రిజిస్టరు పేజీ ఒకటి జిరాక్సు తీయించుకుంది.

సాయంత్రం వెలుగుండగానే ముగ్గురూ వంటింటి బల్ల చుట్టూ కూర్చున్నారు. అత్తగారు కొడుకు అరగదీసిన కళ్ళద్దాలు పెట్టుకుని జిరాక్సు కాగితం దూరంగా పట్టుకున్నారు. ఆవిడ కోడలు పనిచేసే ఆఫీసు నుంచే రిటైరై ఆరేళ్ళు. కోడలి చేతిరాత చూసినప్పుడల్లా "కోడి కెలికినట్టుంది" అంటారు, అది తప్ప ఈ రెండు నెలల్లో మరో మాట అన్నది లేదు.

"నా రాతే," అన్నారు. "ముప్పై ఏళ్ళు రాశాను. ఒక్క కొట్టివేత చూపించు."

"లేదత్తయ్యా. పై గీతే..."

కాగితం బల్ల మీదకి దిగింది. అత్తగారు అద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"సగటాయన కనిపెట్టాడా?"

"లేదు. నేనే."

"వాడు కనిపెట్టడులే. నా దగ్గరే పని నేర్చుకున్నాడు." ఆవిడ గొంతు తగ్గింది. "కార్లలో వచ్చేవాళ్ళుంటారు. పేజీ నడుమ, ఏ కూలీల సంఘం కిందో రాస్తే మొహం మాడ్చుకునేవాళ్ళు. పైవాళ్ళకి ఫోన్లు. అందుకని కొత్త పేజీ తిప్పగానే పై గీత వదిలేసి రెండో గీత నుంచి రాసేదాన్ని. పెద్దవాళ్ళొస్తే పైన. పేజీకి మొదటిది మీదేనండీ అంటే పొంగిపోయేవాళ్ళు. ఎవరికీ నష్టం లేదనుకున్నాను."

"అమ్మా, పదికొకటి తీస్తే మొత్తం కార్లవాళ్ళే వస్తారు," అన్నాడు కొడుకు.

"నాకు అర్థమైంది, నువ్వు అద్దాలు అరగదీసుకో."

 ఆవిడ వేలు జిరాక్సు మీద పై గీత వెంట వెళ్ళి, చివర ఆగింది.

"ఇప్పుడేం చెయ్యాలంటావు?"

"గిన్నె కలపాలత్తయ్యా. నాలుగువందల ముప్పై చీటీలు వేసి, కళ్ళు మూసుకుని నలభై మూడు తియ్యాలి."

చీటీలకి కాగితం కావాలి. మొగుడు లేచి అలమర పైనుంచి పెళ్ళిపత్రికల కట్ట దించాడు. అరవై మిగిలాయి. మిగిలినవి దేనికని అత్తగారు నెలక్రితమే అడిగితే ఇద్దరూ నవ్వి ఊరుకున్నారు. పత్రికకి ఎనిమిది ముక్కల చొప్పున కత్తిరించాడు. అద్దాలు అరగదీసే చెయ్యి, ముక్కలన్నీ ఒకే కొలతలో వచ్చాయి. వెనకవైపు తెల్లగా ఉంది, నంబర్లు అక్కడ. సంచీలోని నలభై మూడు పెన్నులూ బల్ల మీద ఒలికించాడు.

"పెన్నుకి పది నంబర్లు. లెక్క సరిపోయింది," అన్నాడు. "పావురం ఋణం కూడా తీరుతుంది."

"కోడి కెలికినట్టు రాయకండి," అని అత్తగారే సగానికి పైగా రాశారు.

చీటీలన్నీ కొత్త దిండు గలీబులో పోశారు. ఇంకా ఉతకని గలీబు, ఆకుపచ్చ తీగలది. మొగుడు మూతి బిగించి అటూ ఇటూ ఊపాడు, తిరగేశాడు, మళ్ళీ ఊపాడు. అత్తగారు కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యి పెట్టారు. తీసిన ప్రతి ముక్కకీ అచ్చువైపు ఏదో ఒక అక్షరం కనిపించేది. 'సకుటుంబ' ఒకసారి, 'శుభ' ఒకసారి, పెళ్ళికూతురి పేరులో చివరి అక్షరం ఒకసారి. ఆ ముక్కని మొగుడు ఒక క్షణం ఎక్కువ పట్టుకున్నాడు. ఆమె బల్లకింద అతని కాలు తొక్కింది.

నలభై రెండు వచ్చాయి. రెండువందల అరవై ఎనిమిది రాలేదు. నలభై మూడోది తీశారు. రెండువందల ఎనభై ఆరు.

కొత్తమ్మాయి చూపు గలీబు మీదే ఉండిపోయింది. ఎక్కడో అందులోనే ఉంది ఆ ముక్క. అల్లికసూది, మూరెడు జుట్టు, గోడ మీద అట్ట.

"ఒక్క చీటీయే కదా," అన్నాడు మొగుడు మెల్లగా. "చూసి తీసి పెట్టేద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

అత్తగారు కళ్ళు తెరిచారు. "ఇంకోటి తియ్యమంటే తీస్తాను. నీ ఇష్టం."

ఆమె గలీబు మూతి ముడేసింది. "వద్దత్తయ్యా. మీరు మర్యాద కోసం ఒక గీత వదిలారు. నేను జాలి కోసం ఒక చీటీ కలిపితే రెండూ ఒకటే అవుతాయి."

అత్తగారు లేచి వెళ్ళి, తను ఎవరికీ ఇవ్వని నల్ల ఇంకు పెన్ను తెచ్చి కోడలి ముందు పెట్టారు. "జాబితా దీంతో రాయి. తిన్నగా."

శుక్రవారం మొగుడు పెళ్ళికని పెట్టగా మిగిలిన ఒక్క సెలవూ వాడేశాడు. ఆఫీసులో అడ్రసులు రాసుకుని ఆమె బయటికి రాగానే ఇద్దరూ స్కూటరెక్కారు. ఇంట్లోంచి అత్తగారు ఫోన్లు చేశారు. రెండే ప్రశ్నలు. ఎక్కడ కలుస్తారు, పాత భవనం వాడతారా. అత్తగారు మూడోది కూడా అడిగేవారు: "మీ పేరులో అక్షరదోషాలేమీ రాయలేదు కదా నేను?"

ఒక సంఘం దర్జీ కొట్టు వెనక బట్టల మూటల మీద కూర్చుంటుంది. ఒకటి బస్సు షెల్టరులో. చూపు లేనివాళ్ళకి పుస్తకాలు చదివి రికార్డు చేసేవాళ్ళు పాత భవనంలో మెట్ల కింది గది వాడుకుంటున్నారు, ఎవరైనా మెట్లెక్కితే టేపు ఆపి మళ్ళీ మొదలెడతారు. వాళ్ళెవరూ పెన్ను ఇవ్వలేదు. ఒకామె మాత్రం ఇద్దర్నీ చూసి, "కొత్తగా పెళ్ళయిందా? స్కూటరు దిగాక కూడా చెయ్యి వదల్లేదు" అంది. కొత్తమ్మాయి చెయ్యి వదిలేసింది. మలుపు తిరిగాక మళ్ళీ పట్టుకుంది.

ఒక తలుపుకి తాళం. పక్కింట్లోనే ఇంకో సంఘం బోర్డు కనిపిస్తోంది, తలుపు తెరిచే ఉంది.

"దీన్ని రాసుకుంటే?" అన్నాడు మొగుడు.

"చీటీ వచ్చింది తాళానికి. తెరిచి ఉన్నవాళ్ళనే రాసుకుంటే మళ్ళీ పై గీతే."

మధ్యాహ్నం వచ్చారు, తాళమే. శనివారం పొద్దున్న ఏడింటికి వస్తే తలుపు తీసి ఉంది. నర్సుల సంఘం. డ్యూటీ దిగి ఒక గంట కూర్చుని వెళ్తారట. ఇంకో మూడు మాత్రం ఎన్నిసార్లు తిరిగినా దొరకలేదు. వాటి ఎదురుగా 'దొరకలేదు' అనే రాసింది.

శనివారం పన్నెండున్నరకి ఆమె సగటాయన బల్ల ముందు నిలబడింది. వెనక తలుపు దగ్గర గొడుగు మూసిన చప్పుడైంది. సగటాయన తలెత్తి, కుర్చీ వెనక్కి జరిగేంత వేగంగా లేచాడు.

"అక్కయ్యగారూ, మీరొచ్చారేంటి? కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదా."

"కూర్చోవయ్యా. ఒక్క మాట చెప్పిపోతాను." అత్తగారు కూర్చోలేదు. ఆఫీసులో అందరూ ఆవిడ చేతిరాతని చూపించి కొత్తవాళ్ళకి పాఠం చెప్పిన గది అది. గుమాస్తాలు పని ఆపి చూస్తున్నారు. "రిజిస్టరులో పై గీతలు నేను కావాలని వదిలాను. పెద్దవాళ్ళ కోసం. ముప్పై ఏళ్ళూ అదే చేశాను. తప్పు నాది. నువ్వు దాన్ని పట్టుకుని లెక్క కట్టావు."

సగటాయన చేతులు స్కేలు కోసం జేబు వెతికాయి. అది బల్ల మీదే ఉంది.

"మీరు చెప్పాక నేను కాదనగలనా అక్కయ్యగారూ. కానీ ఈ కొత్త శాంపిల్..." అని జాబితా అందుకున్నాడు. నంబర్ల వరసలో రాసి ఉంది. ఆయన మొత్తం చూడలేదు. వేలు సరాసరి రెండువందల అరవైల దగ్గరికి వెళ్ళింది. రెండువందల అరవై ఒకటి. దాని కింద రెండువందల డెబ్భై. వేలు పైకెళ్ళి మళ్ళీ కిందికొచ్చింది. కాగితం తిప్పి వెనక కూడా చూశాడు.

"ఆ చక్రాల కుర్చీల ఆయన ఏడీ?"

"చీటీ రాలేదు సార్."

"రాలేదా?"

"రాలేదు."

సగటాయన ఆమె మొహంలోకి చూశాడు. నెలన్నరలో మొదటిసారి స్కేలు లేకుండా చూశాడు. తరవాత జాబితా మొదటికి వెళ్ళి నెమ్మదిగా చదివాడు. నలభై మూడింట్లో పై గీతవి ఐదు. సొంత చోటు ఉన్నవి ఏడు. పాత భవనంలో కలిసేవి ఇరవై ఒకటి. ఇళ్ళలో, కొట్ల వెనక, షెల్టర్లలో కలిసేవి పన్నెండు. దొరకనివి మూడు. వేళ్ళ మీద కూడుకున్నాడు.

"సగం, దగ్గర దగ్గర," అన్నాడు. "సగం మంది ఆ గదుల్లో కూర్చుంటుంటే వాడకం లేదని రాశానా నేను."

టైపు చేసిన నివేదిక మొదటి పేజీ ముందుకు లాక్కున్నాడు. స్కేలు పెట్టి తిన్నగా అడ్డంగా ఒక గీత గీశాడు. దాని కింద సొంత చేత్తో రాశాడు: 'మొదటి శాంపిల్లో మొదటి నంబరును చీటీ వేయకుండా నేనే ఎంచుకున్నాను. ఆ ఫలితాలను పరిగణించవద్దు.' సంతకం పెట్టి కాగితం ఆమె వైపు తిప్పాడు. నల్ల ఇంకు పెన్ను మూత తీసి ఆమె పక్కనే సంతకం పెట్టింది.

అత్తగారు వంగి చూశారు. "'మ' ఇంకొంచెం గుండ్రంగా ఉండాలి," అన్నారు.

సోమవారం సాయంత్రం ఆరో నంబరు గది తలుపు మీద ఫిట్టరు తాత బ్లేడుతో నోటీసు గీకుతున్నాడు. కాగితం ఊడింది గానీ జిగురు వదల్లేదు. వసారా అవతలి నుంచి మొగుడు, కొత్తమ్మాయి, వాళ్ళ మధ్య గొడుగుతో అత్తగారు వస్తున్నారు.

"గదులు మనవేనట," అన్నాడు తాత. "వాచ్‌మన్ చెప్పాడు, కమిటీ ఆ ప్రతిపాదన తీసేసిందట. అయితే మా పేరు వచ్చిందన్నమాట."

"రాలేదు తాతగారూ."

బ్లేడు ఆగింది. "రాలేదా? మరి మా గది ఎలా మిగిలింది?"

"మీలాంటివాళ్ళు వచ్చారు. ఇరవై ఒక్కమంది. మీ పేరు లేకపోయినా మీరు లెక్కలో ఉన్నారు."

తాత ఆ మాటని, చక్రాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నట్టే, తల వంచి విన్నాడు. గరగరలేమీ వినిపించలేదు కాబోలు, నవ్వాడు.

"అయితే గిన్నె కలిపారన్నమాట. ఎవరు కలిపింది?"

"మా అత్తయ్య. కళ్ళు మూసుకుని."

అత్తగారు అప్పటికే లోపలికి వెళ్ళి గోడ మీద అట్ట ముందు నిలబడ్డారు. రెండువందల అరవై ఎనిమిది. ఏళ్ళ కిందటి తన రాతే. అద్దాలు సవరించుకుని, అక్షరం అక్షరం చూసుకుంటూ చివరి దాకా వెళ్ళారు.

"ఎనిమిదో గీత," అన్నారు. "పై గీతలకన్నా దీన్నే శ్రద్ధగా రాశాను."

మొగుడు టిఫిన్ డబ్బా మూత తీశాడు. తాత నూనెచేతులు గుడ్డకి తుడుచుకుని స్టూలు ముందుకు జరిపాడు. ఒకే స్టూలు. దాని మీద అత్తగారు కూర్చుంటే, మిగిలిన ఇద్దరికీ బాగుచేసిన చక్రాల కుర్చీ ఒకటి దొరికింది. ఇద్దరూ అందులోనే ఇరుక్కుని కూర్చున్నారు. కుర్చీ చప్పుడు లేకుండా రెండడుగులు వెనక్కి జరిగింది.